ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని రండి

నాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మందులకొట్టు. ఏడాదికి ఒకట్రెండుసార్లు కూడా డాక్టర్ మొహం చూడనివాళ్లు నా కౌంటర్ దగ్గరికి మాత్రం నెలనెలా వస్తారు. బీపీ మాత్రలు అయిపోయాయనో, మనవడికి జలుబు చేసిందనో వస్తారు. "ఇదుందా అమ్మా?", "ఎంతయ్యింది?" అని రెండు ముక్కలు అడిగి వెళ్లిపోతారు. అలా కాకుండా మందులకొట్టుని కాస్త పద్ధతిగా వాడుకుంటే చాలా జబ్బుల్ని ముదరకముందే పట్టుకోవచ్చు. అదెలాగో చెప్తాను.

మా ఉద్దానం వాళ్లకి ఇది మరీ అవసరం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఇంతమందికి ఎందుకొస్తోందో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీళ్లన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులన్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ రీసెర్చ్ సెంటరూ తెరిచారు. కారణం వెతకడం వాళ్ల పని. అది తేలేలోపు మనం చెయ్యగలిగినవి రెండున్నాయి. కిడ్నీకి చేటు చేసే మందులు మానుకోవడం ఒకటి, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవడం రెండోది. రెండిట్లోనూ మందులకొట్టు పనికొస్తుంది.

ముందు షాపు ఎంచుకోండి

షాపులోకి వెళ్లగానే గోడ మీద చూడండి. డ్రగ్ లైసెన్సు, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు సర్టిఫికెట్ కనపడేలా పెట్టాలి. ఆ సర్టిఫికెట్ మీద పేరున్న మనిషి షాపులో ఉంటున్నారా లేదా అన్నది అసలు సంగతి. డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. మందు ఎలా వాడాలో రోగికి వివరించడం కూడా మా పనేనని 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. కాబట్టి "ఈ మాత్ర దేనికి?" అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. జవాబు చెప్పడానికే మేం కూర్చున్నాం.

షాపు మంచిదో కాదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. "ఒళ్లు నొప్పులు, రెండు డోసులియ్యమ్మా" అని అడిగి చూడండి. మారు మాట్లాడకుండా నాలుగు రంగుల మాత్రలు కాగితంలో పొట్లం కట్టి ఇస్తే ఆ షాపు మీకొద్దు. "బీపీ ఉందా? షుగరుందా? కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారు? కడుపులో మంటొస్తుందా?" అని ఎదురు ప్రశ్నలేసే షాపైతే పట్టుకోండి. ఆ ప్రశ్నలకి విసుక్కోకండి.

పట్టుకున్నాక మారకండి. పది శాతం, ఇరవై శాతం తగ్గింపు బోర్డు చూసి నెలకో షాపులో కొంటే, మీరు ఏమేం వాడుతున్నారో ఏ ఒక్కరికీ తెలీదు. షాపున్న మనిషిని కదా, నా స్వార్థం కొద్దీ చెప్తున్నానని అనుకోవచ్చు. నా దగ్గరికే రమ్మనడం లేదు. జన ఔషధి కేంద్రమైనా సరే, మీ ఊరి సెంటర్లో ఉన్న చిన్న కొట్టైనా సరే, ఒక్క చోటే కొనండి చాలు.

సంచి

ఏడాదికి రెండుసార్లు, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని ఫార్మసిస్టు దగ్గరికి వెళ్లండి. డాక్టర్ రాసినవే కాదు. ఆకు పసరూ, ఆయుర్వేదం పొడీ, టీవీలో చూసి కొన్న బలం డబ్బా, పక్కింటావిడ ఇచ్చిన మోకాళ్ల నొప్పుల మాత్ర, అన్నీ తేవాలి. ఉదయం తొమ్మిదికీ సాయంత్రం ఆరు తర్వాతా మాకు ఊపిరాడదు. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో వస్తే తీరిగ్గా చూడగలం.

ఆ సంచి కౌంటర్ మీద బోర్లిస్తే ఏం బయటపడుతుందో చెప్తాను. షుగరున్న ఒక పెద్దావిడ తెచ్చిన సంచి అనుకోండి. టౌన్లో డాక్టర్ రాసిన గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర అందులో ఉంటుంది. ఊళ్లో విలేజ్ క్లినిక్‌లో ఉచితంగా ఇచ్చిన మెట్‌ఫార్మిన్ 500 వేరే స్ట్రిప్పులో ఉంటుంది. ఒకటి పచ్చగా, ఒకటి తెల్లగా కనిపిస్తాయి కాబట్టి రెండూ వేరు మందులనుకుని రెండూ వేసుకుంటూ ఉంటుంది. "ఇది పెద్ద డాట్రు రాసింది, ఇది మనూరి అమ్మ ఇచ్చింది, రెండూ మంచివే గదా పాపా" అంటుంది. జ్వరానికి కొన్న పారాసెటమాల్ 650 ఒక మూల, జలుబుకి కొన్న మాత్ర ఇంకో మూల ఉంటాయి. జలుబు మాత్రలోనూ పారాసెటమాల్ ఉంటుంది. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. 650 మాత్రలు ఆరు వేస్తేనే 3.9 గ్రాములు అయిపోతాయి. సన్నగా ఉండేవాళ్లకీ, మద్యం తాగే అలవాటున్నవాళ్లకీ, లివరు బాగోనివాళ్లకీ అంతకంటే తక్కువే ఇవ్వాలి. అడుగున ఎప్పుడో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు మూడో నాలుగో ఉంటాయి. వాటిని ఎవరికో జ్వరమొస్తే ఇద్దామని దాచి ఉంచుతారు.

అందుకే ప్రతి స్ట్రిప్పు వెనక కంపెనీ పెట్టిన పేరు కాకుండా, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూపించమనండి. రెండు స్ట్రిప్పుల మీద ఒకే పేరుంటే డాక్టర్ని అడిగేదాకా ఒకటి పక్కన పెట్టాలి. ఏది ఆపాలో మీ అంతట మీరు తేల్చకండి. రెండు స్ట్రిప్పులూ డాక్టర్‌కి చూపించి ఆయన చేతే రాయించుకోండి.

వేళలు కూడా అప్పుడే సరిచేయించుకోండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున, టిఫినుకి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకీ దానికీ నాలుగు గంటల తేడా ఉండాలి. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే డబ్బు దండగ. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి అరికాళ్లు తిమ్మిర్లెక్కుతుంటే షుగరు వల్లేనని ఊరుకోకండి. ఆ మందుకి బి12 తగ్గే అవకాశముంది, ఒకసారి పరీక్ష చేయించమని డాక్టర్ని అడగండి. ఎప్పుడో పది రోజులకి రాసిన గ్యాస్ మాత్ర రెండేళ్లుగా పొద్దున్నే వేసుకుంటుంటే అది ఇంకా అవసరమా అని అడగాల్సిందే.

దాచే చోటు గురించి ఒక మాట. చాలా ఇళ్లలో మాత్రలు దేవుడి గూట్లో పెడతారు. భక్తి మంచిదే గానీ దీపం సెగ మాత్రలకి మంచిది కాదు. పొయ్యి గట్టు, ఫ్రిజ్ పైభాగం, స్నానాల గది కూడా పనికిరావు. చెమ్మ తగలని బీరువా అరో, గట్టి మూతున్న డబ్బానో మేలు. స్ట్రిప్పు కొంత కత్తిరించి ఇమ్మన్నప్పుడు ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క మీకొచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే ఫోన్లో ఫోటో తీసుకోండి. స్ట్రిప్పు మీద నెల, సంవత్సరమే ఉంటే ఆ నెలాఖరు దాకా వాడొచ్చు. కంటి చుక్కలకి ఆ లెక్క కుదరదు. సీసా మూత తీసిన నెల రోజులకి పారెయ్యాలి. పిల్లలకిచ్చే పొడి యాంటీబయాటిక్ నీళ్లు కలిపాక వారం, పది రోజులకి మించి నిలవుండదు. కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాయించుకోండి.

బీపీ నోటుబుక్కు

పది రూపాయల నోటుబుక్కు ఒకటి కొనండి. మొదటి పేజీలో పేరు, వయసు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్నవి, ఆఖరి పరీక్షల తేదీలు రాయండి. మిగతా పేజీలు బీపీ, షుగరు అంకెలకి ఉంచండి. యాప్‌లున్నాయి కదా అని మా అబ్బాయి నవ్వుతాడు. ఫోను ఛార్జింగ్ అయిపోయినప్పుడు నోటుబుక్కే గతి. డాక్టర్ కూడా ఒక్క చూపులో మూడు నెలలు చదివేస్తారు.

బీపీ చూపించుకోవడానికి మెట్లెక్కి వచ్చి, "బేగి సూడమ్మా, బస్సెల్లిపోద్ది" అంటే ఆ అంకె దేనికీ పనికిరాదు. చూసే ముందు అరగంటలో టీ, చుట్ట, బీడీ ఉండకూడదు. ఒంటేలుకి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చొక్కా చెయ్యి మీద కాకుండా ఒట్టి చేతికి పట్టీ కట్టాలి. ఆ చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. ఆ సేపు మాట్లాడకూడదు. మా వాళ్లకి ఇదే కష్టం. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసుకోవాలి.

షాపులో వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూసినా 140/90, ఆ పైన వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో మిషన్‌తో చూసుకునేవాళ్లకి 135/85 హద్దు. ఒక్కసారి ఎక్కువొచ్చిందని టెన్షన్ పడి పక్కింటాయన మాత్ర అప్పు తెచ్చుకుని వేసుకోకండి. 180/120 దాటి, దానితోపాటు గుండెలో నొప్పి గానీ, ఆయాసం గానీ, మాట తడబడడం, ఒక పక్క చెయ్యి కాలు లాగెయ్యడం గానీ ఉంటే మా దగ్గరికి రావద్దు. 108కి ఫోన్ చెయ్యండి.

ఉప్పు మాట ఎత్తకుండా బీపీ గురించి మాట్లాడలేం. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు, అంటే టీ చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన తీరంలో ఎండుచేపల పులుసు, ఆవకాయ ఒకే పూట పడితే ఆ లెక్క అక్కడే అయిపోతుంది. మానెయ్యమంటే ఎవరూ వినరు, నేనూ మానలేదు. ఎండుచేపల్ని రెండు మూడు నీళ్లలో నానబెట్టి కడిగి, పులుసులో వేరే ఉప్పు వెయ్యకపోతే కొంతైనా తగ్గుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం "తక్కువ సోడియం ఉప్పు" ప్యాకెట్ డాక్టర్ని అడక్కుండా కొనొద్దు. అందులో పొటాషియం ఉంటుంది.

షుగరు, జీడి చేతులు

వేలు గుచ్చి షుగరు చూడడానికి ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. చెయ్యి తుడిచి ఇస్తే చాలనుకుంటారు. బెల్లం ముట్టుకున్న చెయ్యో, అరటిపండు ఒలిచిన చెయ్యో అయితే మిషన్ ఆ తీపినీ కలిపి చూపిస్తుంది.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పని చేసే ఆడవాళ్ల చేతులు చూస్తే మీకు అర్థమవుతుంది. జీడి నూనె తగిలి వేళ్ల కొసలు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంటుంది. అలాంటి వేలి కొస మధ్యలో గుచ్చితే నొప్పే గానీ చుక్క రాదు. గట్టిగా పిండితే రక్తంతోపాటు నీరు కూడా వచ్చి అంకె తేడా చేస్తుంది. ఉంగరం వేలో చిటికెన వేలో తీసుకుని, గోరుకి పక్కగా, చర్మం మెత్తగా ఉన్న చోట గుచ్చమనండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, చెయ్యి కాసేపు కిందికి వేలాడదీస్తే చుక్క తేలిగ్గా వస్తుంది.

పరగడుపు షుగరు 100 లోపుంటే సరే. 100 నుంచి 125 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడ్డట్టు. 126, ఆ పైన వస్తే ల్యాబులో రక్తం ఇచ్చి ఖాయం చేసుకోవాలి. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అయితే 6.5 దగ్గర షుగరు మొదలైనట్టు. షాపు మిషన్ అంకె చూసి షుగరుందని తేల్చే అధికారం నాకు లేదు, మీకూ లేదు. ల్యాబు రిపోర్టు చూసి డాక్టర్ చెప్పాలి. 30 ఏళ్లు దాటిన వాళ్లకి ఊళ్లో ఏఎన్‌ఎంలు, విలేజ్ క్లినిక్‌లు బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఇంటికొచ్చి పిలిచినప్పుడు "మాకేటి రోగం?" అని తలుపేసుకోవద్దు.

కిడ్నీ: నొప్పి మాత్ర, పరీక్ష

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

జీడి తోటలో, కొబ్బరి తోటలో రోజంతా వంగి పని చేస్తే ఒళ్లు నొప్పులు రాక మానవు. సాయంత్రం ఒక మాత్ర వేసుకుంటే పొద్దున్నే మళ్లీ పనిలోకి దిగొచ్చు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ అలాంటి మందులే. ఎప్పుడైనా రెండు రోజులు వేసుకుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి పెద్ద ముప్పు లేదు. రోజూ వాడితే కిడ్నీలోకి రక్తం వెళ్లే దారి సన్నబడుతుంది. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా అదే మాత్ర వేస్తే దెబ్బ ఇంకా ఎక్కువ. నొప్పికి వేయించుకునే ఇంజెక్షన్ కూడా చాలాసార్లు అదే మందు. సూది రూపంలో పడినంత మాత్రాన కిడ్నీకి మినహాయింపు లేదు.

బీపీకి మందు వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ మందుల్లో ఒకటి, దానికి తోడు నీరు లాగే మాత్ర ఒకటి, ఈ రెండిటి మీద నొప్పి మాత్ర పడితే మూడూ కలిసి కిడ్నీని ఒక్కసారిగా నొక్కేస్తాయి. నీరు లాగే మాత్ర తాము వాడుతున్నట్టు చాలామందికి తెలీదు. టెల్మిసార్టాన్ మాత్ర పేరు చివర "హెచ్" అక్షరం ఉంటే చాలావరకు అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ అనే నీరు లాగే మందు కలిసి ఉన్నట్టు. మీ స్ట్రిప్పు తీసి ఇప్పుడే చూసుకోండి. అలాగని బీపీ మాత్ర మానెయ్యకండి. సరైన మోతాదులో అవి కిడ్నీని కాపాడే మందులే. మానాల్సింది నొప్పి మాత్ర. విరేచనాలో వాంతులో పట్టుకున్న రోజున మాత్రం, ఈ బీపీ మాత్రలూ మెట్‌ఫార్మినూ ఆ రెండు రోజులు ఆపాలా అని డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. ఇది ముందే అడిగి నోటుబుక్కులో రాసుకుంటే ఇంకా మంచిది.

మరి నొప్పికి ఏం చెయ్యాలి? మోకాలికో నడుముకో అయితే పైన రాసే జెల్ మొదట వాడండి. ఒంట్లోకి చాలా కొంచెమే వెళ్తుంది. వేడినీళ్ల కాపడం ఉండనే ఉంది. మాత్రే కావాలంటే మోతాదు దాటకుండా పారాసెటమాల్ నయం. పది రోజులైనా తగ్గకపోతే మాత్ర మార్చమని నన్ను అడగొద్దు, ఎముకల డాక్టర్‌కి చూపించండి. "బలానికి" అని ఎవరైనా చిన్న తెల్ల మాత్రలిచ్చి, వేసుకున్న రోజే ఆకలి పెరిగి, నొప్పులు మాయమైతే అవి స్టెరాయిడ్ అయ్యుండొచ్చు. తెచ్చి చూపించండి. చాలా రోజులుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే.

పరీక్ష సంగతికొస్తే, బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం), మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారిపోయే ప్రొటీను) చూపించుకోవాలి. ఉద్దానంలో ఉన్నవాళ్లు పెళ్లీడు దాటినప్పటి నుంచీ, ఏ జబ్బూ లేకపోయినా, చూపించుకోవాలని నా అభిప్రాయం. రిపోర్టులో క్రియాటినిన్ అంకె పక్కన బ్రాకెట్‌లో "నార్మల్" హద్దులు చూసి సంబరపడిపోకండి. వయసు, ఆడా మగా లెక్కలోకి తీసుకుని, కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అంకె అడగండి. ఒకే క్రియాటినిన్ 1.2 ఇద్దరికి వచ్చిందనుకుందాం. పాతికేళ్ల కుర్రాడికి ఈజీఎఫ్‌ఆర్ 86 దాకా వస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. అరవై ఐదేళ్ల ఆవిడకి అదే 1.2 అంటే 50 దగ్గర. మూడు నెలల తర్వాత మళ్లీ చూసినా 60 కంటే తక్కువే ఉంటే దాన్ని కిడ్నీ జబ్బుగానే లెక్క వేస్తారు. కాళ్ల వాపు, నురగ మూత్రం లాంటివి కనపడేసరికి చాలా దూరం వచ్చేసినట్టే, అందుకే అవి వచ్చేదాకా ఆగకూడదు.

ఆ అంకె తగ్గిందని తెలిస్తే ప్రతి చీటీ మీదా పైన పెద్ద అక్షరాలతో రాయించుకోండి. పంటి డాక్టర్ దగ్గరికెళ్లినా, జ్వరానికెళ్లినా ముందు ఆ మాట చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్స్, షుగరు మందులు మోతాదు తగ్గించి ఇవ్వాల్సి ఉంటుంది. కౌంటర్ దగ్గర నేను అడగకపోయినా మీరే చెప్పండి.

దసరా లోపల

మాకు తుఫాన్లు చెప్పి మరీ అక్టోబరులో వస్తాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరే. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కరెంటు లేక, దారి లేక, చెట్లు పడి రోజుల తరబడి ఊళ్లు ఊళ్లే ఆగిపోయాయి. అందుకని సెప్టెంబరు ఆఖరుకల్లా బీపీ, షుగరు, ఫిట్స్, గుండె, థైరాయిడ్ మందులు పదిహేను రోజులకి సరిపడా అదనంగా తీసి ఉంచండి. పాతవి ముందు వాడుతూ కొత్తవి వెనక్కి పెడుతూ ఉంటే ఎక్స్‌పైరీ గొడవుండదు. జిప్ కవర్లో చీటీ జిరాక్సూ, నోటుబుక్కూ, ఆధార్, ఎన్టీఆర్ వైద్యసేవ కాగితాలూ కలిపి పెట్టండి.

ఇన్సులిన్ వాడేవాళ్లకి ఇంకో జాగ్రత్త. తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి గడ్డ కట్టిందంటే మళ్లీ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా చల్లని చోట నాలుగు వారాలు బయట ఉండొచ్చు. కరెంటు పోతే పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దింపి, అందులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఇన్సులిన్ పెట్టి తడిగుడ్డ కప్పండి. నీడలో, గాలి ఆడే చోట ఉంచి ఇసుక తడి ఆరకుండా చూడండి. నీళ్లలా తేటగా ఉండాల్సిన రకం ఇన్సులిన్ మబ్బుగా మారినా, గడ్డలు కట్టినా పారెయ్యండి.

వరద నీళ్ల తర్వాత విరేచనాలు తప్పవు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైనా ఇంట్లో ఉండాలి. ఒక లీటరు నీళ్లకని రాసున్న ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకి కొంచెం కొంచెం పొడి వేస్తే ఉప్పు, గ్లూకోజు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. తియ్యటి జ్యూసు డబ్బాల మీద "ఓఆర్ఎస్" అని రాసి అమ్మడం కుదరదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో తేల్చి చెప్పింది. పాత సరుకు ఎక్కడైనా కనిపిస్తే పిల్లలకి కొనకండి. విరేచనాలైన పిల్లలకి ఓఆర్ఎస్‌తోపాటు జింక్ మాత్రలు 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు మూడో రోజుకి ఆగినా కోర్సు ఆపకూడదు.

పిల్లల దగ్గు మందు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రెండేళ్ల లోపు వాళ్లకి దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వకూడదు, ఐదేళ్ల లోపు వాళ్లకి మామూలుగా సిఫార్సు చెయ్యరు. నన్ను ఎంత బతిమాలినా ఇవ్వను.

చుట్ట

మా తీరంలో పెద్దావిడలు కొందరు చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టి అడ్డపొగ తాగుతారు. ఆ సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. అంగిలి మీద తెల్ల మచ్చలు, గరుకు, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉంటే పంటి డాక్టర్‌కి చూపించాలి. కట్టుడుపళ్లు ఉంటే వాటిని తీసి చూడాలి. కోడళ్లు సిగ్గుపడి అడగరు, అత్తలు చెప్పరు. అందుకే నేనే కౌంటర్ దగ్గర "నోరోసారి తెరూ అప్పా" అంటాను. నేను చూసి రోగం చెప్పను. చూసి డాక్టర్ దగ్గరికి పంపుతాను. మానాలనుకునేవాళ్లకి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే దొరుకుతుంది. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. ఘాటు తగిలేదాకా నమిలి, చెంప పక్కన ఆపి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. పళ్లు లేనివాళ్లకి కుదరదు. 1800-11-2356కి ఫోన్ చేస్తే పొగాకు మానడానికి ఉచితంగా సలహా చెప్తారు.

మమ్మల్ని అడక్కూడనివి

స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా అమ్మకూడని మందు. యాంటీబయాటిక్స్‌లో బలమైనవి, టీబీ మందులు, నిద్రమాత్రల్లాంటివి షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ జాబితాలో ఉంటాయి. అవి అమ్మినప్పుడు డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మేం పేరు అడిగి రాసుకుంటుంటే అనుమానించినట్టు కాదు. "పక్క కొట్టోడు ఇచ్చాడు, నువ్వేటి గింజుకుంటావు?" అనేవాళ్లు రోజూ ఉంటారు. పక్క కొట్టు సంగతి నాకొద్దు.

కుక్క కరిస్తే మా దగ్గరికి మందు కోసం పరిగెత్తొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి నేరుగా పీహెచ్‌సీకి వెళ్లండి, టీకా అక్కడ ఉచితం. మొదటి సూదితో ఆపకుండా కోర్సు పూర్తి చెయ్యాలి. పాము కరిస్తే కట్టు కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం వద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి 108. గర్భిణులు 20 వారాలు దాటాక డాక్టర్ చెప్పకుండా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రకాలు అస్సలు వేసుకోకూడదు, ఎంత పంటి నొప్పైనా సరే.

వలస వెళ్లేవాళ్లు

చెన్నై, హైదరాబాద్ పనులకీ, గుజరాత్‌లో చేపల వేటకీ వెళ్లే మగాళ్లే బీపీ మందు మధ్యలో మానేసేది ఎక్కువ. అక్కడి షాపులో "తెల్ల స్ట్రిప్పు, నీలం గీత" అని చెప్తే ఎవరికీ అర్థం కాదు. వెళ్లే ముందు ఫార్మసిస్టు చేత అసలు మందు పేరు, మిల్లీగ్రాములు, రోజుకెన్ని, ఏ వేళకి అన్నది ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఒక కాగితం మీద రాయించి ఫోటో తీసుకోండి. ఫోను పోతే ఎలాగని ఆ ఫోటో ఇంట్లోవాళ్లకీ పంపండి. ఒక నెల మందులు చేతిలో ఉంచుకుని బండెక్కండి. బోటు మీద వెళ్లేవాళ్లు ఎన్ని నెలలుంటే అన్ని నెలలకి కొనాలి. ఉప్పుగాలి తగలకుండా మాత్రలు స్ట్రిప్పులోనే ఉంచి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. ఒక్కొక్కటి విడదీసి సీసాలో పొయ్యొద్దు.

వలసవాళ్లకి కిడ్నీ పరీక్ష సంక్రాంతికి పెట్టుకోమంటాను, అందరూ ఊరొస్తారు కాబట్టి. కానీ పండగ మూడు రోజులూ ల్యాబులు సరిగా ఉండవు. కనుమ వెళ్లగానే రైలెక్కేవాళ్లయితే భోగికి రెండు మూడు రోజుల ముందే ఊరు చేరి, చేరిన మర్నాడు పొద్దున్నే పరగడుపున వెళ్లి రక్తం, మూత్రం ఇచ్చెయ్యండి. రిపోర్టు సాయంత్రానికి వచ్చేస్తే డాక్టర్‌కి చూపించుకోవడానికి ఇంకో రోజు మిగులుతుంది.